ఆకు పసుపు బారిననాడు

తెలుగు భాషలో ‘పచ్చ’ అన్న మాట బహు విచిత్రమైనది. పచ్చిక, పచ్చని పైరు, పచ్చతోరణం అన్నప్పుడు అది ఆకు రంగును తెలుపుతుంది. పచ్చకామెర్లు, పచ్చగన్నేరు అన్నప్పుడు అదే మాట పసుపు రంగును తెలుపుతుంది. అందువల్లనే సందేహం రాకుండా ఆకుపచ్చ, పసుపుపచ్చ అని వేరు చేసి చెప్పుకోవలసి వచ్చినది. ఉర్దూలో ఈ చిక్కు లేదు. అక్కడ హరా వేరు, పీలా వేరు. కావ్యభాషలోనైతే సబ్జ్ వేరు, జర్ద్ వేరు. మా కళాశాలలో తెలుగు విద్యార్థులు, ఉర్దూ విద్యార్థులు ఒకే బల్లపై కూర్చొని వృక్షశాస్త్రం చదువుకుంటారు కనుక ఇట్టి మాటల ముచ్చట మా మధ్య తరచు వస్తుంటుంది. అయితే గత వర్షాకాలంలో ఈ రెండు రంగుల భేదం మాకు మాటల ముచ్చటగా కాక, ఒక తోట బ్రతుకుకు, దానిని కాపాడే ఒక మనిషి జీవనోపాధికి సంబంధించిన ప్రశ్నగా ఎదురైనది. ఆ విషయమే విద్యార్థి మిత్రులకు, కళాశాల కార్యవర్గ పెద్దలకు ఈ వ్యాసంలో విన్నవించుకుంటున్నాము.

మన హైదరాబాదు నగరం తోటల నగరమని పెద్దలు చెబుతారు. బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి మొదలైన పేర్లు నేటికీ దానికి సాక్ష్యమిస్తున్నవి. బాగ్-ఎ-ఆమ్ అనబడే పబ్లిక్ గార్డెన్సు వంటివి కొన్ని మిగిలినవి గాని, అనేక చోట్ల తోట పోయి పేరు మాత్రమే నిలిచినది. మా కళాశాల ముంగిట ఉన్న తోట అంత గొప్పది కాదు. ఒక వేప, రెండు నిమ్మ చెట్లు, గులాబీ మడులు రెండు, గోడ వెంట మందారాలు, వసతి గృహం వెనుక కొద్దిపాటి కూరగాయల పాదులు, ఇంతే దాని ఆస్తి. కాని పరీక్షల రోజులలో పుస్తకం చేతబట్టి కూర్చొనుటకు ఇంతకన్న చల్లని చోటు మాకు వేరొకటి లేదు.

కొత్త భవన నిర్మాణం పూర్తయిన తరువాత ఈ తోట క్రమంగా పసుపు బారసాగినది. జూలై మాసం నాటికి చూపరులకు తోట అంతా ఒకే జబ్బుతో మంచం పట్టినట్లు కనబడినది. ఇరవై ఏండ్లకు పైగా తోటపని చేస్తున్న మాలీ చాచా వృద్ధుడైనాడని, ఆయనకు చూపు ఆనడం లేదని కొందరు అన్నారు. మొక్కలు తీసివేసి, ఆ స్థలంలో సిమెంటు పలకలు పరచి వాహనాలు నిలుపుకొనే చోటుగా మార్చినచో మాలీ జీతం కూడా మిగులుతుందన్న ప్రతిపాదన కార్యవర్గం ముందుకు వచ్చినది. అప్పుడు మా వృక్షశాస్త్ర అధ్యాపకులు, ‘తీసివేయుటకు ముందు కారణమేమిటో ఒకసారి విద్యార్థులచేత పరిశీలింపజేయుదము’ అని విన్నవించగా, పెద్దలు దయతో ఈ విద్యా సంవత్సరాంతం వరకు గడువు ఇచ్చినారు. ఆనాటి నుండి తృతీయ సంవత్సర విద్యార్థులమైన మేము ఒక నోటుపుస్తకంలో ఎడమ పుట తెలుగులోను, కుడి పుట ఉర్దూలోను వ్రాస్తూ ప్రతి మొక్కను పరిశీలించాము.

అసలు ఆకు పసుపు బారుట అనగానేమి? ఆకులో పత్రహరితంతో పాటు కెరోటినాయిడులు అనే పసుపు వన్నెలు మొదటి నుండీ ఉంటవి. పత్రహరితం సమృద్ధిగా ఉన్నంతకాలం ఆ పసుపు మన కంటికి ఆనదు. పత్రహరితం తరిగినప్పుడు, లేదా కొత్తగా తయారు కానప్పుడు, లోపల ఉన్న పసుపు బయటపడుతుంది. అనగా పసుపు వచ్చి చేరినది కాదు; ఆకుపచ్చ వెళ్లిపోయినది. 1817లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞులు పెల్లెటియే, కవాంతూ ఈ పదార్థాన్ని వేరుచేసి దానికి క్లోరోఫిల్ అని నామకరణం చేశారు. అందులోని గ్రీకు మాటకు కూడా మన ‘పచ్చ’ వలెనే లేత ఆకుపచ్చ అనీ, పసుపు అనీ రెండర్థాలుండుట మాకు ఎంతో వింతగా తోచినది. మన రక్తంలోని ఎర్రని పదార్థానికి నడుమ ఇనుము ఉన్నట్లు, పత్రహరితానికి నడుమ మెగ్నీషియం ఉంటుంది. ఈ వన్నెల పరిశోధనకే జర్మనీ శాస్త్రజ్ఞుడు విల్‌స్టాటర్‌కు 1915లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

ప్రతి పసుపు ఆకూ రోగం కాదన్నది మేము నేర్చిన మొదటి విషయం. మా వేపచెట్టు ప్రతి ఏటా ఉగాదికి ముందు ఆకులను పండించి రాల్చి, కొత్త చిగురు తొడుగుతుంది. ఆకు పండే వేళ చెట్టు ఊరకే దానిని పారవేయదు. పత్రహరితాన్ని, మాంసకృత్తులను విడగొట్టి, వాటిలోని నత్రజనిలో చాలా భాగాన్ని కొమ్మలోనికి తిరిగి తీసుకొని, ఆ తరువాతనే తొడిమె వద్ద బంధం తెంచుకుంటుంది. రాలబోయే పండుటాకు తన సంపాదనను ఇంటిలో అప్పగించి వెళ్లే పెద్దవంటిది. దానిని చూసి దిగులు పడవలసినది లేదు. దిగులు పడవలసినది, పండవలసిన ప్రాయం రాకముందే పసుపు బారిన ఆకును చూసి.

అట్టి ఆకును చూసినప్పుడు అడుగవలసిన ప్రశ్న ఒకటే: ముందుగా పసుపు బారినది ముదురు ఆకా, లేత ఆకా? నత్రజని, పొటాష్, మెగ్నీషియం వంటి పోషకాలు మొక్కలో ఒక చోటి నుండి మరియొక చోటికి తరలగలవు. అవి కొరవడినప్పుడు మొక్క తన ముదురు ఆకుల నుండి తీసి లేత ఆకులకు ఇస్తుంది. కావున ముందు క్రింది ఆకులు పాలిపోతవి. ఇనుము, మాంగనీసు వంటివి ఒకసారి ఒక ఆకులో చేరిన తరువాత సులభంగా కదలవు. అవి కొరవడినచో కొత్తగా వచ్చే చిగురే పసుపుగా పుడుతుంది. ఈ ఒక్క భేదం తెలిసినచో సగం వైద్యం తెలిసినట్లే. మేము ఈ ప్రశ్నను చేతబట్టి తోటలో తిరిగినప్పుడు, ఒకే జబ్బుగా కనబడిన పసుపు నాలుగు వేరువేరు కారణాలుగా విడిపోయినది.

మొదట మందారాల విషయం. కొత్త భవనపు గోడ వెంట ఉన్న పదకొండు మందారాలలోనూ కొమ్మ చివరి లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల అల్లినట్లు కనబడుతుండెను. క్రింది ఆకులకు ఏ లోపమూ లేదు. ఇది ఇనుము కొరతకు గుర్తు. ‘పత్తా నక్కో దేఖో బేటా, జడ్ దేఖో’ అన్నాడు మాలీ చాచా. ఆకును కాదు, వేరును చూడమని ఆయన భావం. ఆయన గడ్డపారతో జానెడు లోతు త్రవ్వగానే సున్నపు పెళ్లలు, సిమెంటు గడ్డలు, ఇటుక ముక్కలు బయటపడినవి. భవనం కట్టిన గుత్తేదారు మిగిలిన శిథిలమంతా గోడ ప్రక్కనే పూడ్చి, పైన నాలుగు వ్రేళ్ల మందాన మట్టి కప్పించి వెళ్లినాడు. రసాయనశాల నుండి సజల హైడ్రోక్లోరికామ్లం తెచ్చి నాలుగు చుక్కలు వేయగా ఆ మట్టి బుసబుస పొంగినది. సున్నం ఉన్నదనుటకు అంతకన్న సాక్ష్యం అక్కరలేదు. ఉదజని సూచిక కాగితంతో పరీక్షింపగా 8కి పైగా కనబడినది. 7 దాటిన మట్టిని క్షారగుణం గలదని అంటారు.

ఇచ్చట ఆలోచింపదగిన విశేషం ఒకటున్నది. ఆ మట్టిలో ఇనుము లేక కాదు. భూమి పైపొర బరువులో దాదాపు 5 శాతం ఇనుమే. మన తెలంగాణపు ఎర్రనేలలకు ఆ ఎరుపు ఇనుము వలననే కలిగినది. కాని సున్నం చేరిన క్షారనేలలో ఇనుము వేళ్లు పీల్చుకోదగిన రూపంలో కరగదు. కఠినజలం పెట్టినచో ఈ కష్టం మరింత పెరుగుతుంది. అన్నపు రాశి నడుమ ఆకలితో కూర్చున్నట్లు మొక్క ఇనుము నడుమనే ఇనుము లేక పాలిపోతుంది. 1840ల దశకంలోనే ఫ్రాన్సు దేశంలో గ్రీ అనే శాస్త్రజ్ఞుడు పాలిపోయిన ఆకులకు ఇనుప లవణం పూసి, అవి తిరిగి ఆకుపచ్చబడుటను నిరూపించినాడు. అంగడిలో దొరికే అన్నభేది అట్టి ఇనుప లవణమే. మేము లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ తగ్గిన సాయంకాలం వేళ, వారం పదిరోజుల ఎడంతో మూడుసార్లు ఆకులు తడిసేలా పిచికారి చేశాము. నిమ్మ ఉప్పు కలుపుట వలన ఇనుము త్వరగా తుప్పు రూపానికి మారక ఆకుకు అందుతుంది. కాని ఇది తాత్కాలిక ఉపశమనమే. అసలు చికిత్స, గోడ వెంట అడుగున్నర లోతు శిథిలం ఎత్తివేసి, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు నింపుట. నాలుగు ఆదివారాలు పారలు పట్టి ఆ పని కూడా పూర్తి చేశాము.

గులాబీల కథ వేరు. అచ్చట క్రింది ఆకులు నిలువెల్లా పసుపు బారి, అంచులు మాడి, తాకితే రాలిపోతుండెను. మడి మట్టిపై తెల్లని పొర పేరుకొని ఉన్నది. మాలీ చాచా మడిలోనికి వచ్చే గొట్టపు నీరు వ్రేలితో తాకి నాలుకపై పెట్టుకొని, ‘ఖారా పానీ’ అని ఒక్క మాట అన్నాడు. విచారింపగా, విద్యార్థుల త్రాగునీటి కొరకు అమర్చిన శుద్ధజల యంత్రం విడిచిపెట్టే నీరు, వృథా కారాదన్న సదుద్దేశంతో, గులాబీ మడికి మళ్లింపబడినదని తెలిసినది. ఆ యంత్రం కొంత నీటిని శుద్ధిచేసి ఇచ్చి, ఆ శుద్ధిలో విడిపోయిన లవణాలన్నింటినీ మిగిలిన నీటిలోనికి నెట్టివేస్తుంది. మనం త్రాగే గ్లాసు ఎంత తేటగా ఉన్నదో, మొక్క త్రాగే నీరు అంత ఉప్పగా ఉన్నదన్నమాట. గులాబీ ఉప్పును ఓర్వలేని మొక్క.

అంతేకాక ఆ నీరు పగలంతా ధార కట్టి పారుటచే మడి ఎల్లప్పుడూ బురదగానే ఉన్నది. వేరు కూడా శ్వాసించే అవయవమే. మట్టి రేణువుల నడుమ గాలి ఉండవలసిన ఖాళీలను నీరు ఆక్రమించినచో వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కనుక, నీటి నడుమ నిలిచిన మొక్కయే దప్పికతో వాడిపోతుంది. దానిని చూసిన వారు నీరు చాలలేదనుకొని మరింత పోస్తారు. పెరటి మొక్కలకు జరిగే అపకారాలలో ఇది మిక్కిలి సాధారణమైనది. వ్రేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, తడి తగిలినచో నీరు పోయకుండుట దీనికి సులభమైన కొలమానం. ప్రధానాచార్యుల అనుమతితో ఆ గొట్టాన్ని మరుగుదొడ్లు కడిగే తొట్టికి మళ్లించాము. మడికి ప్రక్కన కాలువ తీసి, వానలు ఉప్పును కడిగివేయుటకు వీలు కల్పించాము. కుళ్లిన మూడు మొక్కలు దక్కలేదు. తక్కినవి కొత్త చివుళ్లు వేసినవి.

నిమ్మచెట్ల పసుపు మరొక విధమైనది. ముదురు ఆకులలో అంచుల నుండి పసుపు లోనికి వ్యాపించి, తొడిమె దగ్గర మాత్రం తలక్రిందులైన వి అక్షరం వంటి ఆకుపచ్చ ముక్కోణం మిగిలి ఉన్నది. నిమ్మజాతి చెట్లలో మెగ్నీషియం లోపానికి ఇది ప్రసిద్ధమైన గుర్తు. పత్రహరితపు నడిబొడ్డున ఉండే మూలకమే కొరవడినది కనుక చెట్టు ముదురు ఆకులను త్యాగం చేసి లేత వాటిని పోషించుకుంటున్నది. ఏటేటా కాయలు కోసుకొనుటయే గాని ఆ చెట్లకు మనమిచ్చినది స్వల్పం. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి పిచికారి చేసి, పాదులలో పశువుల ఎరువు వేశాము.

ఇక వసతి గృహం వెనుక బెండ మొక్కలు. వాటిలో ఈనెలే పసుపు వల వలె మెరియుచు, నడుమ భాగం ఆకుపచ్చగా ఉన్నది. మందారాలలో కనబడినదానికి ఇది సరిగా తలక్రిందులు. ఇది ఏ పోషక లోపమూ కాదు. తెల్లదోమ మోసుకొని వచ్చే వైరసు వలన కలిగే పల్లాకు తెగులు. దీనికి మందు లేదు. తెగులు సోకిన మొక్కలను పెరికి నాశనం చేసి, మిగిలిన వాటి నడుమ జిగురు పూసిన పసుపు అట్టలు నిలిపాము. తెల్లదోమకు పసుపు రంగంటే మోజు కనుక తానే వచ్చి అంటుకుంటుంది. దయ ఉన్నచోటనే కాఠిన్యం కూడా అవసరమగునని ఆ పాదులు మాకు నేర్పినవి.

ఈ నాలుగింటికీ ఒకే మందు వేసి ఉన్నచో ఏమయ్యెడిది? ఆకు పసుపు బారగానే యూరియా చల్లుట మన ఇండ్లలో వాడుక. మందారానికి కావలసినది ఇనుము. గులాబీకి కావలసినది గాలి, మంచినీరు. బెండకు ఏ ఎరువుతోను పని లేదు. కారణం తెలియని వైద్యం వలన కలిగే నష్టానికి మన దేశ వ్యవసాయ చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. హిమాలయాల దిగువన తరాయి ప్రాంతపు వరిపొలాలలో ఆకులు పాలిపోయి తుప్పు రంగుకు తిరిగే ఖైరా అనే జబ్బు రైతులను పీడించినది. 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో శాస్త్రజ్ఞుడు వై. ఎల్. నేనె అది సూక్ష్మక్రిమి వలన కలిగినది కాదనీ, నేలలో జింకు కొరవడుటయే కారణమనీ నిరూపించినారు. కారణం తెలిసిన తరువాత స్వల్పమైన జింకు సల్ఫేటుతోనే పైరు కోలుకొన్నది. తెలియనంతకాలం నింద పైరు మీదనో, రైతు మీదనో, దైవం మీదనో పడుతూ ఉండెను.

మొక్కల మాట వ్రాస్తుండగా మా మనసు పలుమార్లు మా తరగతి గదుల వైపుకు మళ్లినది. ప్రతి ఏటా ప్రథమ సంవత్సరంలో కొందరు సోదరీ సోదరులు ఉర్దూ మాధ్యమం నుండి, మరికొందరు తెలుగు మాధ్యమం నుండి వచ్చి ఇంగ్లీషు పాఠాల నడుమ కూర్చుంటారు. గ్రంథాలయం నిండుగా ఉన్నది, అధ్యాపకులు విద్వాంసులు, ఉపకార వేతనాలకు దారులున్నవి. అయినను నాలుగు మాసాలలో ఆ లేత ముఖాలు పాలిపోతవి. ‘ఈ విద్యార్థిలో పస లేదు’ అన్న మాట వినబడుతుంది. మందారం చెప్పినది కూడా ఇదే. ఇనుము నేలలో ఉన్నంత మాత్రాన చాలదు. అది వేరు అందుకోగల రూపంలో ఉండవలెను. కఠినమైన పాఠాన్ని ఒకసారి తన తల్లిభాషలో విప్పి చెప్పే మిత్రుడు దొరికిననాడు అదే విద్యార్థి తిరిగి ఆకుపచ్చబడుటను మేము కన్నులారా చూశాము. మా నోటుపుస్తకపు రెండు పుటలు మొదట మొక్కల కొరకు వ్రాయబడినవే గాని, ఇప్పుడు వాటిని ప్రథమ సంవత్సరపు వారు పాఠ్యపుస్తకం వలె అడిగి తీసుకుంటున్నారు.

నేటికి తోట పరిస్థితి ఇది. మందారాలు పదకొండింటిలో తొమ్మిది కొత్త ఆకులు వేసి పూస్తున్నవి. నిమ్మచెట్ల కొత్త ఆకులు నిండు ఆకుపచ్చగా ఉన్నవి. ముదిరి పసుపు బారిన పాత ఆకులు చాలవరకు మారలేదు, మారవు కూడా. చికిత్స ఫలించినదా లేదా అని తెలుసుకొనుటకు పాత ఆకును కాదు, ఆ తరువాత వచ్చే చిగురును చూడవలెను. అందుకు వారాలు, మాసాలు పడుతుంది. తోట విషయంలో ఓర్పు కూడా ఒక ఎరువే.

కార్యవర్గ పెద్దలకు మా విన్నపం సంగ్రహంగా ఇది. తోటకు వచ్చిన కష్టం మాలీ చాచా వార్ధక్యం వలన వచ్చినది కాదు. శిథిలం పూడ్చినది ఆయన కాదు, ఉప్పునీరు మళ్లించినది ఆయన కాదు. పైపెచ్చు మా ప్రయోగశాల పరీక్షలు తేల్చిన దానిని ఆయన గడ్డపార, నాలుక ముందుగానే చెప్పినవి. కనుక ఆయన సేవలను కొనసాగింపవలసినదిగా కోరుతున్నాము. ఇకపై ఏ నిర్మాణం జరిగినను శిథిలాన్ని ఆవరణ బయటకు తరలించుట గుత్తేదారు ఒప్పందంలో ఒక షరతుగా చేర్చవలెను. తోటకు నీటి ఏర్పాటు మార్చునప్పుడు వృక్షశాస్త్ర శాఖను ఒక మాట అడుగవలెను. వాహనాలకు చోటు అవసరమేనని మేము ఎరుగుదుము. వెనుక ద్వారం వద్ద గల ఖాళీ స్థలం అందుకు తగినదని మా మనవి. సిమెంటు పరచిన నేల పసుపు బారదన్నది నిజమే గాని, అది ఏనాడూ చిగురించదు కూడా.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంటి ముంగిట కుండీలోని తులసి గాని, మల్లె గాని, గులాబీ గాని పసుపు బారినప్పుడు వెంటనే నీటి చెంబు కొరకో, యూరియా సంచి కొరకో పరుగెత్తకుడు. ఒక్క నిమిషం వంగి చూడుడు. ముదురు ఆకా, లేత ఆకా? ఈనెలా, ఈనెల నడుమ భాగమా? మట్టి తడిగా ఉన్నదా, పొడిగా ఉన్నదా? ఆకు వెనుక పురుగు ఉన్నదా? మొక్కకు నోరు లేదు. రంగే దానికి భాష. ఆ భాష నేర్చినవారికి తెలుగు, ఉర్దూ అన్న భేదం అడ్డు రాదు. మా తరువాత తృతీయ సంవత్సరానికి వచ్చే తమ్ములు, చెల్లెండ్రు ఆ నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలను నింపుతారని, అందుకు ఈ తోట మిగిలి ఉంటుందని ఆశిస్తున్నాము.